బ్యారన్ పనికి పోయే తల్లిని తప్పుపట్టకండి
ప్రభుత్వమే అన్నం, పుస్తకాలు, డబ్బు ఇస్తుంటే తల్లిదండ్రులు పిల్లల్ని గాలికొదిలేస్తున్నారని ఒక వ్యాసంలో రాశారు. ఆ వ్యాసకర్త మాట నేను ఒప్పుకోను. మాది కొండపి పక్క పల్లె. పచ్చి పొగాకును వేడితో ఆరబెట్టే గదులు, అంటే బ్యారన్లు, వెలిగాయంటే మా వీధి ఆడవాళ్లు తెల్లవారకముందే ఆకు పనికి పోతారు. మా ఎదురింటి అమ్మాయి చీకట్లోనే కూతురికి జడలు వేసి, "పిన్నీ, బడి టయానికి పంపించు" అని నాకు అప్పజెప్పి పోతుంది. సాయంత్రం వచ్చేసరికి వేళ్లన్నీ పొగాకు జిగురుతో నల్లగా ఉంటాయి. ఆ చేతులు కడుక్కోకముందే "ఈరోజు ఏం చెప్పారే?" అని పిల్లను అడుగుతుంది. ఆమె బాధ్యత వదిలేసిందని ఎలా అంటాం? బడిలో మధ్యాహ్నం అన్నమే లేకపోతే పిల్లను కూడా వెంటబెట్టుకుని పోయేది. 2002లో వచ్చిన 86వ రాజ్యాంగ సవరణ చూడండి. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచితంగా చదువు చెప్పించాలని ప్రభుత్వానికి చెప్పింది, ఆ పిల్లలకు చదువుకునే అవకాశం కల్పించాలని తల్లిదండ్రులకూ చెప్పింది. ఒకరు చేస్తే ఇంకొకరు మానుకోవచ్చని అందులో ఎక్కడా లేదు. తల్లి ఖాతాలో పడిన డబ్బు తాగుడుకు లాక్కునే తండ్రులు లేరని నేను అనను, వాళ్లను గట్టిగా అడగాల్సిందే. కానీ మా దగ్గర అసలు ఇబ్బంది బడి వదిలాకే. నేను ఇంట్లో ఉంటే సరే, లేనిరోజు ఆ పిల్ల చీకటి పడేదాకా తాళం వేసిన తలుపు ముందు అరుగు మీద ఒక్కతే కూర్చుంటుంది. ఆ రెండు మూడు గంటలు పిల్లల్ని చూసుకునే మనిషిని ఊరికొకరిని పెట్టమని రాసి ఉంటే ఎంతో బాగుండేది.