12 వోల్టులే కదా అని వదిలేయకండి: కారవాన్ వైరింగ్ మెసేజ్‌కి నా జవాబు

టెంపో ట్రావెలర్ కొని, లోపల మంచాలు, వంటగట్టు, బ్యాటరీ, ఇన్వర్టర్ పెట్టించుకుని కారవాన్‌గా మార్చుకునేవాళ్లు మన నెల్లూరు, ఒంగోలు వైపు కూడా ఉన్నారు. వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: “వ్యానులో ఉండేది 12 వోల్టులే, ప్రమాదం లేదు. లైటు వెలిగితే కనెక్షన్ బాగున్నట్టే. వైర్లు మెలేసి టేపు చుడితే చాలు, ఇంకా గట్టిగా కావాలంటే సోల్డర్ పెట్టించండి. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే పెద్దది వేయండి. పని చేస్తున్న వైరింగుని కదిలించొద్దు.” పిల్లల్ని పడుకోబెట్టుకుని రాత్రంతా ఉండే బండి గురించి రాసిన మాటలివి. ఇందులో ఏ ఒక్కటీ పూర్తిగా నిజం కాదు. రెండు మాటలైతే బండిని తగలబెట్టగలవు.

మొదట 12 వోల్టుల సంగతి. ఆ వోల్టేజీకి మామూలుగా షాక్ కొట్టదు, అది నిజమే. కానీ వ్యానులో అసలు భయం షాక్ కాదు, వేడి. 1200 వాట్ల ఇండక్షన్ స్టవ్ ఇంట్లో 230 వోల్టుల మీద సుమారు 5 ఆంపియర్లు లాగుతుంది. అదే స్టవ్ ఇన్వర్టర్ మీద నడిస్తే బ్యాటరీ వైర్లలో 100 ఆంపియర్లు దాటి పోతుంది. అంత కరెంటు పోయే దారిలో ఒక నట్టు లూజై, ఆ ఒక్క జాయింటు దగ్గర అర వోల్టు పడిపోయిందనుకోండి. అక్కడ 50 వాట్ల వేడి పుడుతుంది. రిపేరు షాపులో సీసం కరిగించే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే. అలాంటివి రెండు మంచం కింద ప్లైవుడ్‌కి ఆనుకుని వెలుగుతున్నట్టన్నమాట.

అలా కాలిన జాయింటు ఒకటి దగ్గరగా చూశాను. ఇన్వర్టర్ పాజిటివ్ దగ్గర ఎర్ర స్లీవ్ గోధుమరంగులోకి తిరిగి పెళుసైంది, గోటితో గీరితే పెచ్చులుగా ఊడింది. లోపల రాగి పోగులు నల్లబడ్డాయి. నట్టు స్పానర్ లేకుండా వేళ్లతోనే తిరిగింది. ఆ వ్యానులో లైట్లు మాత్రం చక్కగా వెలుగుతున్నాయి.

అందుకే ‘లైటు వెలిగితే చాలు’ అన్న మాట నన్ను ఎక్కువగా బాధిస్తుంది. ఎల్‌ఈడీ లైటుకి కావలసింది ఒక ఆంపియర్‌లో కొంచెమే. రెండు పోగులు తగులుతున్నా అది వెలుగుతుంది. మల్టీమీటర్‌లో బీప్ పెట్టి చూసినా ‘బాగుంది’ అనే చెబుతుంది, ఎందుకంటే ఇంత చిన్న రెసిస్టెన్స్ దానికి అందదు. లోపం లోడు మీదే బయటపడుతుంది. స్టవ్వో కెటిలో నడిపిస్తూ మీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టండి. మీటర్ వైర్ల చివరి ముల్లుల్లో ఒకటి బ్యాటరీ సీసపు పోస్టు మీద, రెండోది దానికి బిగించిన థింబుల్ (వైరు చివర నొక్కి పెట్టే లోహపు రింగు) మీద ఆనించండి. దాదాపు సున్నా చూపించాలి. 0.1 వోల్టు దాటితే ఆ జాయింటు విప్పి శుభ్రం చేయాల్సిందే. అక్కణ్ణుంచి స్విచ్చి, బస్‌బార్ (చాలా వైర్లు ఒకచోట బిగించే లోహపు పట్టీ), ఇన్వర్టర్ దాకా ఒక్కో జాయింటూ చూసుకుంటూ వెళ్లండి. చాలామంది పాజిటివ్ వైపే చూసి ఆపేస్తారు. నెగెటివ్ కూడా అంతే ముఖ్యం. బాడీకి ఎర్త్ బిగించిన చోట కింద పెయింటో తుప్పో ఉంటే, పైన నట్టు ఎంత గట్టిగా ఉన్నా లాభం లేదు. మెరిసే ఇనుము కనబడేదాకా గీకి బిగించాలి.

మెలేసి టేపు చుట్టడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మన వేసవిలో మూసి ఉంచిన వ్యానులో టేపు జిగురు కారిపోయి జారుతుంది. మైపాడులోనో కొత్తపట్నంలోనో రెండు రాత్రులు ఆపితే ఉప్పుగాలి ఆ సందులోకి పోతుంది, రాగి పచ్చబడుతుంది.

సోల్డర్ మాట మంచి ఉద్దేశంతో చెప్పిందే. సర్క్యూట్ బోర్డులకి అది సరైనదే. కదిలే బండిలో మాత్రం సోల్డర్ పోగుల్లోకి పాకి వైరుని బిరుసుగా చేస్తుంది, ఆ బిరుసు ఆగిన చోట కుదుపులకి పోగులు తెగుతాయి. మామూలు సీసం సోల్డర్ 190 డిగ్రీల లోపే కరుగుతుంది కాబట్టి, జాయింటు బాగా వేడెక్కితే అది జారిపోతుంది కూడా. సైజుకి తగ్గ రాగి థింబుల్‌ని సరైన క్రింపింగ్ టూల్‌తో నొక్కించి, వేడి తగిలితే ముడుచుకుని బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవ్ వేయించండి. కటింగ్ ప్లేయర్‌తో నొక్కేస్తే కుదరదు. చేత్తో గట్టిగా లాగినా కదలకూడదు. చౌకగా వస్తుందని అల్యూమినియం థింబుల్ మాత్రం తీసుకోకండి. రాగీ అల్యూమినియమూ కలిసిన చోట ఉప్పుతేమ చేరితే తొందరగా తినేస్తుంది.

ఇక ఫ్యూజు. ఆ మెసేజ్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైన వాక్యం ఇదే. ఫ్యూజు ఉన్నది వైరుని కాపాడడానికి. నీళ్ల పంపుకి వేసిన సన్నటి వైరుకి 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు ఉందనుకోండి. అది పోతోందని 30 ఆంపియర్ల ఆకుపచ్చది వేస్తే, ఈసారి కాలేది వైరు. మామూలు పీవీసీ వైరు తొడుగు 70 డిగ్రీల వరకే అని లెక్క. ఫ్యూజు పోతోందంటే పంపులో ఇసుక పడి ఇరుక్కుందా, రేకు అంచుకి వైరు ఒరుసుకుందా, ఫ్యూజు హోల్డరే లూజై వేడెక్కుతోందా అని వెతకాలి. అసలు మెయిన్ ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. దూరంగా పెడితే ఆ మధ్యలో ఉన్న వైరుకి దిక్కు లేదు. ఈ మెసేజ్‌ని గ్రూపులో పెట్టినవాళ్లు మిగతావి ఉంచినా ఈ వాక్యాన్ని ఈరోజే తీసేయాలని నా విన్నపం.

చివరిది, కదిలించొద్దు అన్న సలహా. ఇల్లు కదలదు, బండి కదులుతుంది. కుదుపులకి నట్లు వదులవుతాయి. కొత్తగా వైరింగ్ చేయించాక మొదటి ప్రయాణం అవగానే ఒకసారి, తర్వాత ఏడాదికి రెండుసార్లు, సముద్రం పక్కన ఆపేవాళ్లయితే ఇంకా తరచుగా చూసుకోవాలి. భయపడాల్సింది చూడడానికి కాదు, వరుస తప్పడానికి. బయటి నుంచి తెచ్చుకున్న 230 వోల్టుల ప్లగ్గు తీసేయండి, ఇన్వర్టర్ ఆపండి. సోలార్ ఉంటే ముందు ప్యానెల్ వైర్లు, ఆ తర్వాతే బ్యాటరీ. బ్యాటరీకి నెగెటివ్ మొదట విప్పాలి, బిగించేటప్పుడు అది ఆఖరున. నెగెటివ్ ఉండగా పాజిటివ్ మీద పెట్టిన స్పానర్ బాడీకి తగిలితే స్పానరే ఎర్రగా కాలిపోతుంది. టెర్మినల్ మీద తెల్లటి, పచ్చటి పొడి ఉంటే వంటసోడా నీళ్లతో, సెల్లులోకి చుక్క పడకుండా కడిగి, ఆరనిచ్చి, బిగించిన తర్వాతే పైన వాసెలిన్ రాయండి. 230 వోల్టుల వైపు పని మాత్రం ఎలక్ట్రీషియన్‌కి అప్పగించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) ఉందో లేదో అడగండి, టెస్ట్ బటన్ నొక్కించి ట్రిప్ అవుతోందో లేదో మీ కళ్లతో చూడండి.