సంతకాలయ్యాక మార్చడం అంత తేలిక కాదు

ఉద్యోగం నుంచి తీసేసేటప్పుడు ఇస్తామన్న పరిహారాన్ని కంపెనీ తర్వాత తగ్గించినా ఉద్యోగి చేయగలిగిందేమీ లేదని కొందరు అంటుంటారు. అది సగమే నిజం. ఆ పరిహారం కాగితం మీద మీరింకా సంతకం పెట్టకపోతే అది ప్రతిపాదన మాత్రమే, సాధారణంగా కంపెనీ వెనక్కి తీసుకోవచ్చు. ఇద్దరూ సంతకం చేశాక మాత్రం అది ఒప్పందం. అందులోనే మార్చుకునే వీలు రాసుకుని ఉంటే తప్ప, మీరు ఒప్పుకోకుండా మార్చడం కుదరదు.

మామూలుగా జరిగేదేంటంటే, హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వస్తుంది: "చిన్న సవరణే, సాయంత్రంలోగా సంతకం చేసి పంపండి." ఆ టెన్షన్‌లో చాలామంది చదవకుండానే పంపేస్తారు. పాత కాపీ, కొత్త కాపీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకేసారి ఇస్తామన్న డబ్బు వాయిదాల్లోకి మారి ఉండొచ్చు. "సంస్థ విచక్షణ మేరకు" అన్న మూడు మాటలు ఎక్కడో దూరి ఉండొచ్చు (అంటే ఇవ్వాలా వద్దా అన్నది వాళ్లిష్టం; నన్నడిగితే అసలు ప్రమాదం వాటితోనే). ఫోన్‌లో సరే అనేయకండి, ఎందుకు మారుస్తున్నారో మెయిల్‌లో అడగండి. ఖాతాలో తక్కువ పడితే వెంటనే అభ్యంతరం రాసి పంపండి. ఊరుకుంటే ఒప్పుకున్నట్టేనని వాదిస్తారు.

అమెరికాలో అయితే ఇలాంటి ఒప్పందంలో 40 ఏళ్లు నిండినవాళ్లు వయసు వివక్షపై దావా వేసే హక్కు వదులుకోవాలంటే ఆలోచించుకోడానికి కనీసం 21 రోజులు, సంతకం చేశాక వెనక్కి తగ్గడానికి 7 రోజులు ఇవ్వాలి. మధ్యలో ముఖ్యమైన షరతు మారిస్తే, వేరేలా ఒప్పుకుంటే తప్ప, ఆ 21 రోజులూ మళ్లీ మొదటినుంచి లెక్క.

చేసిన పనికి రావాల్సిన జీతం సంగతి వేరు. కొత్త కాగితం మీద సంతకం పెడితేనే అదీ ఇస్తామంటే, ముందు లాయర్‌కి చూపించండి.