అవార్డు పుస్తకం పిల్లల చేతికిస్తారా?

అవార్డు వచ్చిన పిల్లల పుస్తకాల వల్ల పిల్లలకు ఒరిగేదేమిటని ఈ మధ్య కొందరు అమాయకంగా అడుగుతున్నారు. కడప చుట్టుపక్కల నాలుగు బళ్లు తిరిగి రమ్మనండి, అనుమానం తీరిపోతుంది.

కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి బాల సాహిత్య పురస్కారం ఇస్తోంది. 24 భాషలకు భాషకొకటి. 50 వేల రూపాయలు, ఒక రాగి ఫలకం. రాసేది పెద్దలు, ఎంపిక చేసేది పెద్దలు, శాలువా కప్పేదీ కప్పించుకునేదీ పెద్దలే. ఇంత గంభీరమైన వ్యవహారంలోకి పదేళ్ల పిల్లను లాగి "నీకు నచ్చిందా అమ్మా?" అని అడగడం ఏం మర్యాద? నచ్చలేదంటే ఆ ఫలకం గతేం కాను?

అందుకే మన బళ్లలో ముందుచూపుతో బీరువాకు బీగం వేసి పెట్టారు. బీగంచెవి హెడ్మాస్టరు జేబులో ఉంటుంది, హెడ్మాస్టరు మీటింగులో ఉంటారు. గిట్టనివాళ్లు దీన్ని నిర్లక్ష్యం అంటారు గానీ, ఇది పచ్చి బాధ్యత. స్టాక్ రిజిస్టరులో ప్రతి పుస్తకానికీ ఒక నంబరుంటుంది. పుస్తకం పోతే చార్జి అప్పగించే రోజు లెక్క చెప్పుకోవాల్సింది అయ్యవారే. 'పోయినది', 'చినిగినది' అని రాయడానికి చోటుంది. పిల్లోడు చదివి పడీపడీ నవ్వినాడని రాయడానికి ఆ రిజిస్టరులో కాలమే లేదు, పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు?

ఆమధ్య ఒక బళ్లో చూశాను. ఐదో తరగతి పాప బీరువా అద్దానికి ముక్కు ఆనించి పేర్లు కూడబలుక్కుంటోంది. "సార్, ఆ ఏనుగుబొమ్మ బుక్కు ఒకసారి ఇయ్యండి సార్. ఈడనే సదివి ఇచ్చేస్తా."

"చేతులు కడుక్కున్నావా?"

పరుగున పోయి కడుక్కొని వచ్చింది.

"తడి చేతుల్తో పుస్తకం ముట్టుకుంటారా ఎవరైనా?"

పాప చేతులు గౌనుకు తుడుచుకునేలోగా బెల్లు కొట్టారు. మనం ఆఫీసుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగితే గానీ అబ్బని జ్ఞానం ఆ పాపకు అయిదు నిమిషాల్లో, అట్ట కూడా తెరవకుండానే అబ్బింది. పుస్తకం వల్ల లాభం లేదని ఎట్లా అంటారు?

అమెరికావాళ్లకు ఈ తెలివి లేదు. 1922 నుంచి పిల్లల పుస్తకాలకు న్యూబెరీ మెడల్ అని ఒక అవార్డు ఇస్తున్నారు, ఎంపిక లైబ్రేరియన్ల చేతుల్లో పెట్టారు. పుస్తకం ఇంటికిచ్చి పంపడమే వాళ్ల ఉద్యోగమాయె! అట్ట మీద మెడల్ బొమ్మ స్టిక్కర్ అంటించి మరీ పిల్లలకు అందిస్తారు. ఇక ఆ పేజీలేం మిగులుతాయి? మన బీరువాలోది చూడండి, ఇవాళ్టికీ తెరిస్తే పెళపెళమంటుంది. చెదపురుగులు తప్ప మొదటి పేజీ దాటినవాళ్లు లేరు.

ఈ విషయంలో కడపకు ఒక పాత మచ్చ ఉంది లెండి. బ్రౌన్ దొర ఇక్కడ బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి, అటకల మీద నిక్షేపంగా ఉన్న తాళపత్రాలను దించి ప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు కూడా వేయించాడు. దాంతో అవి ప్రతి పిల్లోడి నోట్లోనూ పడి నానుతున్నాయి. అటక మీదే ఉండుంటే ఎంత శుభ్రంగా ఉండేవో!

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఫొటోల కోసం ఎలాగూ బీరువాలు తెరుస్తారు కాబట్టి, అదే ఊపులో 'ఉత్తమ భద్రతా పురస్కారం' ఒకటి పెడితే బాగుంటుంది. అర్హత పెద్దగా ఏమీ అక్కర్లేదు, కొన్ననాటి ప్లాస్టిక్ కవరు చిరగకుండా ఉంటే చాలు. గెలిచిన బడికి ఇంకో పది అవార్డు పుస్తకాలు, పెట్టుకోవడానికి కొత్త బీరువా ఇవ్వాలి. బీగంచెవి మాత్రం జిల్లా ఆఫీసులోనే ఉంచుకుంటే మంచిది.