నెత్తిమీది నాజిలూ, నా నిపుణతా

విమానాల్లో ఏసీ వ్యవస్థను తనిఖీ చేయడానికి లైసెన్సున్న ఇంజనీర్లను పోషించడం శుద్ధ దండుగని నా నిశ్చితాభిప్రాయం. ఆ పనిని ప్రయాణికులు ఎలాగూ ఉచితంగానే చేస్తున్నారు. బెల్టు పెట్టుకోకముందే చెయ్యెత్తి, నెత్తిమీది నాజిల్ తిప్పి, అరచేతికి గాలి తగిలితే అంతా భేషుగ్గా ఉందనీ, తగలకపోతే విమానయాన రంగమే భ్రష్టుపట్టిపోయిందనీ అరనిమిషంలో తీర్పు చెప్పే నిపుణులు సీటుకొకరు ఉండగా, విమానం పొట్ట కింద దూరి టార్చిలైటు వేసి, వేడిగాలిని చల్లార్చే హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో దుమ్ము వెతికే మనిషితో పనేమిటి?

అసలు 35,000 అడుగుల ఎత్తున బయట సుమారు మైనస్ 54 డిగ్రీల చలి ఉండగా లోపల చల్లబరచడమేమిటని అడిగితే, అక్కడి గాలి మరీ పల్చనిదనీ, ఊపిరికి చాలదనీ ఇంజనీర్లు సెలవిస్తారు. అందుకని చాలా విమానాల్లో గాలిని కుదించే ఇంజను కంప్రెసర్ నుంచే కాగిపోతున్న గాలిని తీసి, ప్యాక్ అనే అమరికలో కొంత చల్లార్చి, మళ్లీ కుదించి, మళ్లీ చల్లార్చి, చివరికి టర్బైన్ అనే చక్రం గుండా వదులుతారు. అక్కడ అది వ్యాకోచించి మంచులా చల్లబడుతుంది. వేడెక్కించి చల్లార్చే ఈ పద్ధతిని ఏదో ప్రభుత్వ కార్యాలయంలో కనిపెట్టి ఉంటారని నా అనుమానం. బోయింగ్ 787 మాత్రం ఇంజను గాలిని అడగకుండా కరెంటు కంప్రెసర్లతో పని గడుపుకుంటుంది.

ఇక మెకానిక్కుల చాదస్తం చూడండి. నిమిషానికి వేలకు వేల చుట్లు తిరిగే ఆ టర్బైన్ చక్రాన్ని, అది ఆగి ఉన్నప్పుడు వేలితో మెల్లగా తిప్పి, ఎక్కడైనా రాసుకుంటోందేమోనని చెవి ఒగ్గి వింటారు. కొన్ని విమానాల్లో గాలిలోని తేమను బొట్లుగా కూర్చే గుడ్డసంచి ఒకటి ఉంటుంది. అది మురికితో పూడుకుపోతే పక్కనున్న సూచిక పైకి పొడుచుకొస్తుందట. సంచి మార్చకపోతే తేమ క్యాబిన్‌లోకి పొగమంచులా దిగుతుంది, దాన్ని చూసి ఎవరో ఒకరు నిప్పంటుకుందని కేక పెడతారు. ఇంత చక్కటి కేక ఉండగా వేరే సూచిక ఎందుకు?

వెనకటికి విమానాల్లో సిగరెట్లు కాల్చనిచ్చిన రోజుల్లో పొగతాగేవారు కూడా తమ వంతు సేవ చేసేవారు. గాలి కారే సందుల దగ్గర బయటి రేకు మీద గోధుమరంగు మరకలు పడేవి, లీకు ఎక్కడో మెకానిక్కుకు ఇట్టే తెలిసేది. అదే పొగాకు తారు, లోపలి గాలిని బయటికి వదిలే అవుట్‌ఫ్లో వాల్వుకు జిగురులా పట్టేసేది. సేవ అన్నాక అలాంటివి ఉంటాయి.

వాసన సంగతి మరీ సున్నితమైనది. ఆయిల్‌ను ఆపాల్సిన ఇంజను సీలు దగ్గర ఆయిల్ కారి, క్యాబిన్‌కు తీసే గాలిలో కలిస్తే మాసిన సాక్సుల కంపు వస్తుందని ఆ పనిలో ఉన్నవారందరికీ తెలుసు. నాలాంటి స్వచ్ఛంద తనిఖీదారు మాత్రం అంతదూరం పోకుండా, బూట్లు విప్పుకున్న పక్కసీటాయన వైపు తీక్షణంగా చూసి కేసు ముగిస్తాడు.

మొన్న ఒక ప్రయాణంలో నా నాజిల్ నుంచి ఎంతకీ గాలి రాలేదు. ప్యాకులు పాడయ్యాయని నిర్ధారించి, రెండు గంటలు చెమటోడ్చి నాలుగు పేజీల ఫిర్యాదు రాశాను. విమానం దిగబోతుండగా పక్కసీటాయన బూట్లు తొడుక్కుంటూ, "మీరు దాన్ని మూసేవైపు తిప్పారండీ" అన్నారు.