బీరువా తాళంచెవి

కడప ఎర్రముక్కపల్లెలో మా ఇల్లు. ఆదివారం పొద్దున ఉగ్గాని, బజ్జీ ప్లేట్లు ముందు పెట్టుకుని కూర్చున్నాం. మా ఆవిడ ముందురోజు రాత్రే తన పుస్తకాల బీరువాకు ఒక అట్టముక్క అతికించింది: 'పుస్తకాలు అరువివ్వబడవు. అడిగి ఇబ్బంది పెట్టవద్దు.' ఆమెకు ఇట్లాంటి బీరువాలు మూడు. మూడోది పెళ్లప్పుడు బట్టలకని మా అత్తగారిచ్చింది. నా చొక్కాలు ఇప్పుడు తలుపు వెనక మేకులకు వేలాడుతున్నాయి.

మా బావమరిది తన స్నేహితుడి కోసం సీమ కథల సంపుటి ఒకటి అడగడానికి వచ్చి, ఆ అట్ట చదివాడు. ఇక మొదలైంది. నేను పేపరు తప్ప ఏదీ చదవను కాబట్టి తీర్పు చెప్పే అర్హత లేదు. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

తమ్ముడు: ఏందక్కా ఇది? కిరాణా కొట్లో 'నేడు నగదు, రేపు అరువు' బోర్డు పెట్టినట్టు!

అక్క: కొట్టాయన నయం, రేపైనా ఇస్తానన్నాడు. నేను రేపు కూడా ఇవ్వను.

తమ్ముడు: ఆ సంపుటి నువ్వు చదివేశావు కదా. చదివేసిన పుస్తకం బీరువాలో ఏం చేస్తుంది? కలరా ఉండల వాసన పీల్చుకుంటూ కూర్చుంటుంది. పుస్తకం అంటే నలుగురి చేతుల్లో తిరగాలి.

అక్క: నలుగురి చేతుల్లో తిరిగింది చూస్తావా? ఇదిగో. పోయిన సంవత్సరం నువ్వే ఎవరికో ఇప్పించావు. కుట్టు ఊడింది. నూట పన్నెండో పేజీలో పసుపు వేలిముద్ర. బొటనవేలు, గీతలతో సహా పడింది, కావాలంటే పోలీసులకు పనికొస్తుంది. ఇంకొకాయనకు డిటెక్టివ్ నవల ఇస్తే, నలభయ్యో పేజీలో ఒక పేరు కింద గీత గీసి 'వీడే' అని రాసి తెచ్చాడు. నేనింకా చదవలేదురా ఆ నవల!

(ఇక్కడ నేను నవ్వాను. అది పొరపాటు. రెండో బజ్జీ నాదాకా రాలేదు.)

తమ్ముడు: వాళ్లు చేసింది తప్పే. దానికి అందరినీ దొంగల్లా చూస్తే ఎట్లా? పెద్దలకూ ఇదే బుద్ధి. 'పుస్తకం వనితా విత్తం పరహస్తం గతం గతః' అని శ్లోకం కట్టి పెట్టారు.

అక్క: ఆ శ్లోకం నా తరఫున చెప్పొద్దు. పుస్తకంతో పాటు ఆడదాన్నీ డబ్బునీ ఒకే మూటలో కట్టినాయన సాక్ష్యం నాకక్కర్లేదు. నా కేసు నేనే వాదించుకుంటాను.

తమ్ముడు: సరే, మన వీధిలో సాక్ష్యమే తెస్తా. ఇక్కడ బ్రౌన్ గ్రంథాలయం ఉంది కదా, తెలుగు నిఘంటువు రాసిన సి.పి. బ్రౌన్ దొర బంగళా ఉండిన చోటే కట్టారు. ఆయన 1820లో కడపకొచ్చాడు. ఎవరెవరి ఇళ్లలోనో అటకల మీద పడి ఉన్న తాళపత్రాలు తెప్పించాడు. వేమన పద్యాలు ఏరి 1829లో అచ్చు వేయించాడు. ఆ ఇళ్లవాళ్లంతా నీలాగా అట్టలు అతికించి ఉంటే వేమన ఏమైపోయేవాడు?

అక్క: బాగా చెప్పావు, సగం చెప్పావు. బ్రౌన్ దొర పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి, బంగళాలోనే కూర్చోబెట్టి ప్రతులు రాయించాడు. పాఠాలు పక్కపక్కన పెట్టి సరిచూయించాడు. నీ స్నేహితుడు నా పుస్తకానికి ప్రతి రాస్తాడా? స్కూటరు డిక్కీలో వేసుకుని పోతాడు, పక్కన నూనె ప్యాకెట్టు ఉంటుంది. ఇంకోటి, దొర పోగుచేసిన గ్రంథాలు చివరికి ఎవరికిచ్చాడు? స్నేహితులకా? మద్రాసు గ్రంథాలయానికిచ్చాడు. అక్కడ రిజిస్టరు ఉంటుంది, అడిగేవాడు ఉంటాడు.

తమ్ముడు: నువ్వూ ఒక రిజిస్టరు పెట్టుకో.

అక్క: నేనెందుకు? మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయం సెస్సే. డబ్బులు కట్టినాక పోయి తెచ్చుకోమను.

తమ్ముడు: పోయాడక్కా. పోటీ పరీక్షల పిల్లలతో కుర్చీలన్నీ నిండిపోయి ఉన్నాయంట. ఈ సంపుటి అక్కడ లేదంట. అంగళ్లలోనూ లేదు.

అక్క: ఇప్పుడు దారికొచ్చావు! అంగళ్లలో లేదు. తెలుగులో కథల పుస్తకం ఐదొందలో వెయ్యో కాపీలు వేస్తారు. అవి అయిపోతే మళ్లీ వేసే నాథుడుండడు. నేను ఇది యాడ కొన్నానో తెలుసా? కోఠీ ఫుట్‌పాత్ మీద, ఆదివారం, మోకాళ్ల మీద కూర్చుని రెండు గంటలు వెతికితే ఇంజనీరింగు పుస్తకాల కింద దొరికింది. ముప్ఫై రూపాయలు. ఇది పోతే ముప్ఫై రూపాయలు పోయినట్టు కాదు.

తమ్ముడు: దొరకని పుస్తకమైతేనే కదా పంచుకోవాల్సింది! నువ్వు దాచిపెడితే ఉన్న ఒక్కటీ లేనట్టే. పోనీ స్కాన్ చేసి ఇద్దాం. పాత పుస్తకాలెన్నో డిజిటల్ లైబ్రరీ వాళ్లు అట్లా చేసినవే, నెట్‌లో ఉన్నాయి.

అక్క: చదివాను. పేజీ వంకరగా పడి, ప్రతి వరుసలో చివరి రెండు అక్షరాలు మడతలోకి పోయి ఉంటాయి. కథ చదివినట్టుండదు, గళ్లనుడికట్టు నింపినట్టుంటుంది.

(బావమరిది కాసేపు మాట్లాడలేదు. తర్వాత బీరువా పైనున్న ఎర్ర అట్ట నోట్‌బుక్కు తీశాడు. ఆమె 'అది ముట్టుకోకు' అంది. అప్పటికే తెరిచాడు. రిజిస్టరు లేదన్న మనిషికి రిజిస్టరు ఉంది. పదిహేనేళ్లది.)

తమ్ముడు: ఇరవై మూడు పుస్తకాలు... తిరిగి రానివా అక్కా ఇవన్నీ? ఈ పేరు, మీ ఆఫీసులో నీతో పాటు క్యారేజీ తెచ్చుకునే ఆమె కదా? కూతురి పెళ్లికి నువ్వు పోలేదేం?

అక్క: పోతే పుస్తకం గుర్తొస్తుంది. ఆమెకు కాదు, నాకు. తీసుకున్నామె హాయిగా 'రా వదినా, కూర్చో' అంటుంది. అడగాలా వద్దా అని గుటకలు మింగేది నేను. మార్కెట్‌లో ఎదురుపడితే పక్క సందులోకి తిరిగేది నేను. పుస్తకం ఇచ్చి మొహం చాటేయడం ఏం ఖర్మరా నాకు? పుస్తకం పోయినందుకు కాదు ఆ అట్ట. ఇంకో మనిషి పోకూడదని.

తమ్ముడు: అయితే ఇచ్చేటప్పుడే ఇచ్చేశాను అనుకో. రాదనుకుని ఇవ్వు. వస్తే లాభం.

అక్క: అనుకోవడానికి నాకు చేతకాదు. నీకు చేతనవుతుంది, ఎందుకంటే నీవి కావు. నువ్వు పంచేవన్నీ నా పుస్తకాలే.

దీనికి మావాడి దగ్గర జవాబు లేదు. నా లెక్కలో ఆమె గెలిచింది. కాకపోతే ఆ నోట్‌బుక్కు మూసేటప్పుడు ఆమె మొహం గెలిచినట్టు లేదు.

ఇంతలో గేటు చప్పుడైంది. స్నేహితుడే వచ్చాడు. పాతికేళ్లుంటాయి, చెమటతో తడిసిపోయి ఉన్నాడు. అట్ట చదివి, చెప్పులు విప్పకుండా అట్లనే నిలబడ్డాడు.

అక్క: చెప్పులు విప్పి లోపలికి రా నాయనా. చేతులు కడుక్కో. పుస్తకం ఇంటికివ్వను. ఆ వసారాలో ఫ్యాను కింద కూర్చుని చదువుకో, ఎంతసేపైనా సరే. పేజీ మూల మడవద్దు, ఈ చీటీ పెట్టుకో. కాఫీలో చక్కెర ఎంత?

తమ్ముడు: ఇదేందక్కా, మళ్లీ బ్రౌన్ బంగళా తెరిచావు!

అక్క: జీతాలు మాత్రం ఇవ్వను.

ఆ అబ్బాయి ఒంటిగంట దాకా చదివాడు. నలభై ఆరో పేజీలో చీటీ పెట్టి, 'రేపు రావచ్చా అక్కా' అని అడిగి పోయాడు. మరుసటి రోజు వచ్చాడు, ఆ తర్వాత రోజూ వచ్చాడు. నాలుగో రోజు ఇంకో పిల్లవాణ్ని వెంటబెట్టుకొచ్చాడు. ఇరవయ్యో తారీఖుకే మా ఇంట్లో కాఫీ పొడి అయిపోయింది.