రెండు స్క్రూలు ఎగ్గొట్టిన హెచ్‌డీఎంఐ కేబుల్ గారికి

మహారాజశ్రీ హెచ్‌డీఎంఐ కేబుల్ గారి సముఖమునకు,

నమస్కారములు. శ్రీరామనవమి నాడు భద్రాచలంలో అభిజిత్ లగ్నాన జీలకర్ర బెల్లం పెట్టడం పూర్తయి, అర్చకులు మంగళసూత్రాలను భక్తులకు ఎత్తి చూపిస్తున్న ఘడియలోనే, సెట్‌టాప్ బాక్స్ నుంచి టీవీకి బొమ్మ మోసుకొచ్చే తమరు మా టీవీ తెర మీద ‘నో సిగ్నల్’ అనే పలకను ఊరేగించిన తీరు అమోఘం. తలస్నానం చేసి, పానకం కలిపి, అక్షతలు పట్టుకొని కూర్చున్న మా అమ్మ వాటిని ఎవరి మీద వేయాలో తెలియక ముందు తమరి వైపు, తరువాత నా వైపు చూసింది. బొమ్మ మళ్ళీ వచ్చేసరికి తలంబ్రాలు కూడా ముగిసి, సిమెంటు ప్రకటన నడుస్తోంది.

తమరి పరిచర్యలో మా ఇంట ఏ లోటూ జరగలేదని మనవి. తమరి మూతి వాలిపోకుండా కింద దోపిన మడత అట్ట మా బాబాయి గారి అబ్బాయి పెళ్ళి శుభలేఖ. ఆ దంపతుల కూతురు బడికి వెళుతున్నా అది ఇంకా కొలువులోనే ఉంది. దాని మీద మిఠాయి పెట్టె నుంచి తీసిన రబ్బరు బ్యాండు, ఆ పైన ఎండాకాలం రాగానే జిగురు కరిగి జారిపోయే నల్ల టేపు. ఇవేవీ పనిచేయనప్పుడు మా చిన్నవాడు టీవీ వెనక చేయి పెట్టి నిలబడతాడు; ముందు గదిలోని వారందరూ ‘వచ్చింది, కదలకు’ అని ఏకకంఠంతో అరుస్తారు.

తమరికి 19 పిన్నులు ఉన్నాయి. అందులో చివరిదాని ద్వారా వచ్చే సంకేతాన్ని బట్టే అవతల టీవీ ఉందని సెట్‌టాప్ బాక్స్ నమ్ముతుంది. గోడకు బిగించిన టీవీ నుంచి తమరి బరువంతా వేలాడి, ఆ ఒక్క పిన్ను వెంట్రుకవాసి ఎడమైతే చాలు, టీవీ లేనే లేదనుకొని బాక్స్ బొమ్మ పంపడం మానేస్తుంది. బంగారు పూత కేబుల్ కొంటే బొమ్మ మెరుస్తుందన్న దుకాణదారు గారికి వేరే దండం. ఆ పూత తుప్పును ఆపుతుందేమో గానీ బరువును మోయదు కదా.

నన్ను నిద్రపోనివ్వని సంగతి ఒక్కటే. 1987లో వచ్చిన వీజీఏ అనే పాత మానిటర్ కేబుల్‌కు ఇరుపక్కలా రెండు స్క్రూలు ఉండేవి. బిగిస్తే మానిటర్ కదిలేది గానీ కేబుల్ ఊడేది కాదు. ఆ తరువాత వచ్చిన 1999 నాటి డీవీఐ కేబుల్‌కీ అవి ఉన్నాయి. ఆ డీవీఐ దగ్గర బొమ్మ పంపే పద్ధతిని పుచ్చుకొని 2002లో వెలసిన తమరు స్క్రూలను మాత్రం పుచ్చుకోలేదు. పోనీ, తెలియక వదిలేశారనుకుందామా? 2009లో కార్ల కోసం ప్రత్యేకంగా తయారుచేసిన ‘టైప్-ఇ (E)’ అనే తమరి రకానికి ఊడకుండా గొళ్ళెం పెట్టారు! అంటే కుదుపులకు పట్టు తప్పుతుందని తెలుసు, ఆపే ఉపాయమూ తెలుసు. కారు కదులుతుంది కనుక గొళ్ళెమట. మా ఇంట్లో గోడకు అవతల పిండిమర తిరుగుతుంది, ఇవతల పిల్లలు గంతులేస్తారు, పండగ వస్తే టీవీ వెనక బూజు దులుపుతారు. ఇవి కుదుపులు కావా?

ఇక తమరు గిమరు లేదు, సూటిగా అడుగుతున్నాను. ఏడు పెద్ద సంస్థలు కలిసి కూర్చొని నిన్ను పుట్టించాయి కదా, రెండు రూపాయల స్క్రూలు పెట్టడానికి నీకు చేతులు రాలేదా? శుభలేఖను మందంగా మడిచి దోపినకొద్దీ లోపల సాకెట్ సోల్డరింగ్ మీద ఒత్తిడి పెరిగి చివరికి అదీ పగులుతుంది. అప్పుడు మెకానిక్ బోర్డే మార్చాలంటాడు. నీకు పట్టు లేకపోతే నా టీవీ ఎందుకు చావాలి?

ఆదివారం గోడకు మేకు కొట్టి, నీ నడుముకు పురికొస కట్టి, బరువంతా దాని మీద వేస్తాను. మూతి దగ్గర తీగను కాస్త వదులుగానే ఉంచుతాను. మా అమ్మ మిగిలిన అక్షతలను డబ్బాలో దాచింది. వచ్చే నవమికి అవి నీ మీద పడతాయో, రాముడి మీద పడతాయో నువ్వే తేల్చుకో.

ఇట్లు,
టీవీకీ గోడకూ మధ్య మోచేయి ఇరికించుకున్న వినియోగదారుడు