మాస్టారి డల్లాస్ లెక్క

లెక్కల మాస్టారు రిటైరయ్యారు గానీ ఆయన భాగహారం రిటైర్ కాలేదు. డల్లాస్ నుంచి కొడుకు టికెట్లు పంపగానే గ్లోబు ముందేసుకుని హైదరాబాద్ నుంచి దారం బిగించారు. దారం ఉత్తర ధ్రువాన్ని దాదాపు ఒరుసుకుంటూ వెళ్లి డల్లాస్‌లో దిగింది. సుమారు 14,400 కిలోమీటర్లు. విమానం వేగం గంటకు 900. భాగిస్తే 16 గంటలు. టికెట్ చూస్తే జులై 15, 00:50కి శంషాబాద్‌లో ఎక్కడం, అదే 15న మధ్యాహ్నం 3:50కి దిగడం. పదిహేను గంటలే! "పైలట్ గట్టిగా తొక్కుతాడు కాబోలే" అని మేడమ్‌గారితో చెప్పి, రెండు పొట్లాల పులిహోర చాలన్నారు.

దారానికి దుబాయ్ సంగతేం తెలుసు? అక్కడిదాకా నాలుగు గంటలు, అక్కడ ఐదున్నర గంటల పడిగాపులు, ఆపైన 12,900 కిలోమీటర్లకు పదహారు గంటలు. వెరసి ఇరవై ఐదున్నర. ఎక్కే టైము మన గడియారంది, దిగే టైము వాళ్ల గడియారంది. జులైలో డల్లాస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక. టికెట్‌లో మాయమైనవి ఆ పదిన్నరే. నవంబరు మొదటి ఆదివారం నుంచి పదకొండున్నర మాయమవుతాయి.

గంటల్లో తప్పు పోతే ఆకలితో పోయేది. తేదీలో పోయింది.

పంచాంగంలో రోజు సూర్యోదయంతో మారుతుంది, విమానాల వాళ్లకు అర్ధరాత్రే మారుతుంది. 15, 00:50 అంటే 14 రాత్రి పన్నెండు దాటిన యాభై నిమిషాలకు. మూడు గంటల ముందు చేరాలి, కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి 14 సాయంత్రమే కూకట్‌పల్లి నుంచి కదలాలి. మాస్టారు ఆ రాత్రి సూట్‌కేసులు 23 కిలోలు దాటకుండా తూచి, హాయిగా పడుకున్నారు. విమానం వాళ్ల మెసేజ్‌లు వచ్చాయి గానీ, సైబర్ మోసాల మీద పేపర్లో చదివినవన్నీ గుర్తొచ్చి డిలీట్ చేశారు.

15 రాత్రి సరిగ్గా 9:50కి గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ జవాను టికెట్ చూసి, "అంకుల్, యే తో కల్ కా హై" అన్నాడు. కల్ అంటే రేపని మాస్టారికి ధైర్యం. జవాను చేత్తో వెనక్కి చూపించాడు. హిందీలో నిన్నను కూడా కల్ అనే అంటారు.

అప్పటికి డల్లాస్‌లో ఉదయం 11:20. కొడుకు ఫోన్‌లో విమానం బొమ్మ కెనడా మీద పాకుతోంది. ఇంతలో నాన్న ఫోను. "నాన్నా, విమానంలో సిగ్నల్ బాగుందే!"

బయటి టికెట్ కౌంటర్లో అమ్మాయి ఓపిగ్గా వివరించింది. మొదటి విమానం ఎక్కకపోతే వెనకున్నవన్నీ, తిరుగు టికెట్‌తో సహా, రద్దయిపోతాయి. ఎక్కలేమని ముందే ఫోన్ చేసి ఉంటే తేదీ మార్చేవాళ్లు, కొంత డబ్బు కట్టించుకుని. ఇప్పుడైతే ఛార్జీల తేడా, చెప్పకుండా రానందుకు నో షో రుసుము, రెండూ కట్టాలి.

"మరి తర్వాతది ఎప్పుడమ్మా?"

"16న, 00:50కి సార్. సీట్లున్నాయి."

మాస్టారు కళ్లజోడు సవరించుకున్నారు. "పదహారంటే... ఈ రాత్రా, రేపు రాత్రా?"